ఇరవై నాలుగు హమ్మస్ పౌచ్‌లు: కొనాలా, వద్దా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది మణికొండ. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన బయటి దేశం హమ్మస్ (శనగలు, నువ్వులు కలిపి రుబ్బే అరబ్బుల ముద్ద) కేసుల లెక్కన తెప్పిస్తున్నారు. ఒక్కో పౌచ్ 200 గ్రాములు. ఎమ్మార్పీ 149, ఆయన ఇచ్చేది 65 రూపాయలకి. కేసుకి 24 వస్తాయి, విడిగా కావాలంటే ఐదు రూపాయలు ఎక్కువ. ఫ్రిజ్ అక్కర్లేదట, బయటే పెట్టుకోవచ్చట. మండీ తినడానికి వెళ్తే మా పిల్లలిద్దరూ ముందు హమ్మస్సే అడుగుతారు. చపాతీతో స్కూలు డబ్బాలో పెట్టొచ్చు కదా అని నాకు ఆశ. మా ఆయనేమో "ప్రిజర్వేటివ్ లేదని రాసి, అన్ని నెలలు బయట ఎలా ఉంటుంది? ఏదో మందు కలిపే ఉంటారు" అంటున్నారు. మా అత్తమ్మ "శెనిగెల పచ్చడికి పదిహేను వందలా?" అని ఒకటే నవ్వు. ఎక్స్‌పైరీ ఇంకా ఐదు నెలలు ఉందట. ఆదివారం లోపు గ్రూపులో చెప్పాలి. తీసుకోమంటావా?
— ఒక పాఠకురాలు

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. కేసు మాత్రం వద్దు. ముందు రెండు తీసుకో. అవి నచ్చితే ఆరు దాకా సరే. ఇరవై నాలుగంటే మీ ఇంటికి మోయలేని బరువు.

నువ్వు 65ని 149 పక్కన పెట్టి చూస్తున్నావు. అందరం అక్కడే పడిపోతాం. 200 గ్రాములు 65 అంటే వంద గ్రాములు ముప్పై రెండున్నర. సూపర్ మార్కెట్‌లో చల్లటి అరలో పెట్టి అమ్మే హమ్మస్ కంటే ఇది చవకే, కాదనను. కాకపోతే ఆ ధర పౌచ్ మూసి ఉన్నంతవరకే. మూత విప్పిన క్షణం నుంచి అది బయట ఉండే సరుకు కాదు, కత్తిరించిన పాలప్యాకెట్టుతో సమానం. ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. లేబుల్ మీద రాసినన్ని రోజుల్లో, అంటే మామూలుగా మూడు రోజుల నుంచి వారం లోపు, అయిపోవాల్సిందే.

ఇప్పుడు మీ ఇంటి తిండి లెక్కేద్దాం. చపాతీకి రాసుకుంటే ఒక మనిషికి రెండు చెంచాలు, ఓ ముప్పై గ్రాములు పడుతుంది. పిల్లలిద్దరూ వారంలో రెండు పూటలు తింటే 120. నువ్వు ఒక పూట రుచి చూస్తే 150. మీ ఆయన అనుమానంతో ముట్టుకోరు, అత్తమ్మ నవ్వుతూ పక్కన పెడుతుంది. మిగతా యాభై గ్రాములు ఫ్రిజ్ తలుపు పక్కన గిన్నెలో ఎండిపోయి చెత్తబుట్టకి పోతాయి. అప్పుడు నువ్వు 65 పెట్టి తిన్నది 150 గ్రాములే, వందకి 43 రూపాయలు పడ్డట్టు. పైగా వారానికి ఒకటి చొప్పున 24 పౌచ్‌లంటే ఐదున్నర నెలలు. ఎక్స్‌పైరీ ఐదు నెలలే. పరీక్షలున్నా, పండక్కి ఊరెళ్లినా, పిల్లలకి మొహం మొత్తినా వారం తప్పకుండా తింటేనే ఆ లెక్క. అలా తిన్నా చివరి రెండు మూడు తేదీ దాటిపోతాయి.

ఈ పాఠం నేను నా చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక దుకాణంలో సగం ధరకి వస్తోందని పన్నెండు హమ్మస్ డబ్బాలు మోసుకొచ్చాను. వంటింట్లో చోటు లేక అటక మీద పెట్టాను. ఏప్రిల్ నెల, మాది పై అంతస్తు. స్లాబు కింద అటక ఎంత వేడెక్కుతుందో నీకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం చెయ్యి పెడితే డబ్బాలు గోరువెచ్చగా తగిలేవి. జూన్‌లో ఒకటి విప్పితే పైన అంగుళం మందాన పచ్చటి నూనె, కింద సిమెంటు ముద్దలా గట్టిపడ్డ శనగలు. కలిపి నోట్లో పెట్టుకుంటే నిరుడు వేయించిన అప్పాల నూనె వాసన. తేదీ ఇంకా నాలుగు నెలలుంది. చెడిపోలేదు, కానీ తినబుద్ధి కాలేదు. "చల్లని పొడి ప్రదేశంలో ఉంచండి" అని రాసిన మాట ఎక్కడో చలిదేశం వాళ్ల కోసమని అంతవరకు అనుకునేదాన్ని. నలభై డిగ్రీల ఊళ్లో ఉన్న మనకే ఆ మాట ఎక్కువ అవసరం. నువ్వు కొన్నా అటక మీద, స్టవ్ పైనున్న అరలో, పడమటి బాల్కనీలో పెట్టకు. మంచం కింద పెట్టినా నయమే.

ఇక మీ ఆయన అనుమానం. మందు కలపకుండా నెలల తరబడి ఉంచొచ్చు, అందులో మాయ ఏమీ లేదు. మన ప్రెషర్ కుక్కర్ పనే అది. గాలి చొరబడకుండా మూసిన పౌచ్‌ని పెద్ద కుక్కర్ లాంటి యంత్రంలో పెట్టి, ఒత్తిడి మీద 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు. దాన్నే రెటార్ట్ అంటారు. మామూలుగా మరిగే నీళ్లు వంద డిగ్రీలే కాబట్టి కొన్ని మొండి సూక్ష్మజీవుల బీజాలు చావవు. వాటిలో బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించేవి ముఖ్యం, వాటి కోసమే ఆ 121. మనం ముందు వండి తర్వాత డబ్బాలో పోస్తాం, వాళ్లు ముందు మూసేసి తర్వాత వండుతారు. తేడా అదే. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల కోసం ఈ రకం పౌచ్ భోజనాలు తయారుచేసింది. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో మనం సర్దే రాజ్మా, పాలక్ పనీర్ పౌచ్‌లు కూడా ఆ బాపతే. ఇంకో దారి పులుపు పెంచడం. పులుపు ఒక హద్దు దాటితే ఆ బీజాలు మొలకెత్తలేవు, అందుకని అంత వేడి అక్కర్లేదు. ఆ దారిలో వెళ్లిన కొందరు ప్రిజర్వేటివ్ కూడా వేస్తారు, వేస్తే లేబుల్ మీద ఐఎన్‌ఎస్ 202 లాంటి అంకె కనపడుతుంది. 330 అని ఉంటే భయపడొద్దని మీ ఆయనకి చెప్పు, అది నిమ్మ ఉప్పే.

ఆ 121 డిగ్రీలకి రుచి బలి అవుతుంది. మండీ హోటల్లో మీ పిల్లలు ఇష్టపడేది పచ్చి వెల్లుల్లి ఘాటు, అప్పుడే పిండిన నిమ్మకాయ, వేయించిన నువ్వుల కమ్మదనం. ఇవి మూడూ వేడికి తట్టుకోలేనివే. వెల్లుల్లి ఉడికిపోయి తియ్యగా మారుతుంది, నిమ్మ వాసన ఎగిరిపోయి వట్టి పులుపు మిగులుతుంది. అందుకే చవక పౌచ్ విప్పగానే మొదట డబ్బా శనగల వాసన కొడుతుంది. బార్కస్‌లోనో టోలిచౌకీలోనో తిన్న హమ్మస్‌ని మనసులో పెట్టుకుని మీ చిన్నది ఇది నోట్లో పెట్టుకుంటే "అమ్మా, ఇది అది కాదు" అంటుంది. అప్పటికి ఇంకా ఇరవై మూడు మిగిలుంటాయి. రెండు కొని చూడమన్నది అందుకే. విడిగా కొంటే రెండింటికీ కలిపి పది రూపాయలు ఎక్కువ, ఇవ్వు.

ఆ రెండూ చేతికొచ్చాక లేబుల్ చదువు. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలన్నది నియమం. శనగలు, నీళ్లు, తర్వాత తహీనీ అని ఉంటే మంచి సరుకు. తహీనీ అంటే వేరేమీ కాదు, పొట్టు తీసిన నువ్వుల ముద్ద. శనగలు, నీళ్లు, సన్‌ఫ్లవర్ నూనె, పిండి అని సాగి ఎక్కడో చివర తహీనీ కనిపిస్తే అది శనగల జావ. నేను వాడే కిటుకు ఒకటుంది, ఉప్పు ఎక్కడుందో చూడు. హమ్మస్‌లో ఉప్పు వందకి ఒకటి, ఒకటిన్నర గ్రాములకు మించదు. తహీనీ పేరు ఉప్పు తర్వాత వచ్చిందంటే అది ఉప్పు కంటే తక్కువగా ఉన్నట్టు. ముందు వైపు నువ్వుల బొమ్మ ఎంత అందంగా వేసినా సరే. తర్వాత ప్రొటీన్ అంకె చూడు. వంద గ్రాములకి ఏడు, ఎనిమిది ఉంటే సరైన చిక్కదనం. నాలుగు ఉంటే నీళ్లకి డబ్బులిస్తున్నావని అర్థం.

బయటి దేశం సరుకు కాబట్టి వెనకాల దిగుమతిదారు పేరు, చిరునామా, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉన్న స్టిక్కరు ఉండాలి. ఆ స్టిక్కరు సరిగ్గా తేదీ మీదే అంటించి ఉంటే ఇంక ఆలోచించకు, వెనక్కిచ్చేయి. తేదీ ఫొటో ముందే అడుగు. "ఐదు నెలలు ఉందట" అని రాశావు, ఆ 'అట' నాకు నచ్చలేదు. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలకి ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబరులో ఒక మాట చెప్పింది: సరుకు ఇంటికి చేరేనాటికి మొత్తం నిలవ కాలంలో కనీసం 30 శాతమో, 45 రోజులో మిగిలి ఉండాలని. గ్రూపులో అమ్మే ఆయన్ని అలా అడిగేవాళ్లు ఎవరూ లేరు, నువ్వే అడగాలి. సగానికి సగం తగ్గించి అమ్ముతున్నారంటే తేదీ దగ్గర పడటమే కారణం కావచ్చు. అది తప్పు కాదు, దాస్తే తప్పు.

స్కూలు డబ్బా సంగతి దగ్గర కాస్త గట్టిగా చెప్పాలి. బయట ఉంటుందన్నారు కదా అని విప్పిన హమ్మస్‌ని పొద్దున ఏడింటికి డబ్బాలో పెట్టి పంపకు. పన్నెండున్నరకి తింటారు, ఐదున్నర గంటలు. ఇలాంటి తేమ ఉన్న తిండి బయట రెండు గంటలు ఉండొచ్చు, మన ఎండాకాలంలో గంటే. ఇంట్లో ఆవకాయ చూసి చూసి మనకో అలవాటు పడిపోయింది, పచ్చడి అన్నాక పాడవదు అని. ఆవకాయలో ఉప్పు, కారం, ఆవపిండి, పులుపు, పైన తేలే నూనె అన్నీ కలిసి కాపలా కాస్తాయి. హమ్మస్‌కి అంత కాపలా లేదు. అత్తమ్మ పచ్చడి అన్నా, నిలవ విషయంలో అది పాలకే దగ్గర. జాడీ దగ్గర పాటించే తడి చెంచా నియమం మాత్రం దీనికీ వర్తిస్తుంది. పిల్లలు క్యారెట్ ముక్క కొరికి మళ్లీ అందులోనే ముంచుతారు చూడు, అలాంటి గిన్నెని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టనేవద్దు. పౌచ్‌లోంచి కావలసినంత వేరే గిన్నెలోకి తీసుకుని ఇవ్వు.

కాబట్టి డబ్బాకి కాదు, సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక పెట్టు. కీరా ముక్కలు, క్యారెట్, మిగిలిన చపాతీని పెనం మీద కరకరలాడేలా కాల్చి ముక్కలు చేసి ఇస్తే చాలు. 2024 అక్టోబరులో తెలంగాణలో పచ్చి గుడ్డు మయొనైజ్‌ని ఏడాది పాటు నిషేధించినప్పుడు మా ఇంట్లో శాండ్‌విచ్‌లోకి హమ్మస్ వచ్చింది, తర్వాత మయొనైజ్ మళ్లీ గడప తొక్కలేదు. అత్తమ్మకి బీపీ ఉంటే మాత్రం లేబుల్ మీద సోడియం చూసి పెట్టు.

పౌచ్ దగ్గర ఇంకో జాగ్రత్త. ఉబ్బినట్టున్నా, అంచు దగ్గర జిడ్డు కారినా, విప్పుతుంటే గాలి బుస్సుమని తన్నినా, "కొంచెం నాకి చూద్దాం" అనే మన అలవాటు పనికిరాదు. నేరుగా చెత్తలోకి. అరవై ఐదు రూపాయల కోసం ఆసుపత్రి మెట్లెక్కలేం.

రెండు పౌచ్‌లు కొన్నాక రుచి చప్పగా అనిపిస్తే ఇలా చెయ్యి. పౌచ్‌ని గిన్నెలోకి ఒంపు. చిన్న వెల్లుల్లి రెబ్బ ఒకటి చిటికెడు ఉప్పుతో రోట్లో నూరు, పచ్చిదే. రెండు చెంచాల తెల్ల నువ్వులు రంగు మారకుండా, చిటపటలాడేదాకా మాత్రమే వేయించి మెత్తగా పొడి చెయ్యి. ఈ రెండూ, అర నిమ్మచెక్క రసం, రెండు చెంచాల ఐసు నీళ్లు వేసి ఫోర్కుతో గట్టిగా గిలక్కొట్టు. రెండు నిమిషాల్లో రంగు తేలి, చెంచా నుంచి జారే తీరే మారిపోతుంది. పైన మంచి నువ్వుల నూనె ఒక చెంచా. ఆలివ్ నూనె లేదని బాధపడకు, తహీనీ ఎటూ నువ్వులదే కదా, బంధువులు కలిసినట్టుంటుంది. మా ఇంట్లో అయితే జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెడతాం. అరబ్బులు చూస్తే ఏమంటారో నాకు తెలీదు, మా పిల్లలు మాత్రం గిన్నె గీకుతారు.

ఇంత చేశాక నీకే తడుతుంది: నిమ్మకాయ నాది, వెల్లుల్లి నాది, నువ్వులు నావి, ఇక పౌచ్‌లో ఉన్నది ఉడికిన శనగలే కదా అని. అక్కడికొచ్చేసరికి అత్తమ్మ నవ్వుకి అర్థం ఉంది. అరబీలో హమ్మస్ అనే మాటకి అర్థమే శనగలు. పటాన్‌చెరులో మన పక్కనే మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి ఉంది, శనగల మీద అక్కడ జరిగిన పని ప్రపంచానికంతటికీ తెలుసు. ప్రకాశం జిల్లా రైతులు కాబూలీ శనగలు పండిస్తారు. మనం మాత్రం ఓడెక్కి వచ్చిన శనగల ముద్దని అపార్ట్‌మెంట్ గ్రూపులో కేసుల లెక్కన కొంటున్నాం.

మొన్న నేను చేసిన లెక్క చెబుతా. పావుకిలో కాబూలీ శనగలు 40 రూపాయలు. వంద గ్రాముల పొట్టు తీసిన తెల్ల నువ్వులు 25. మూడు నిమ్మకాయలు 15. నూనె, వెల్లుల్లి, గ్యాసు అన్నీ కలిపి ఇంకో 20 అనుకో. వంద రూపాయలకి ఎనిమిది వందల గ్రాములు దాటి వచ్చింది, వంద గ్రాములు పన్నెండు రూపాయలు. శనగలు రాత్రి చిటికెడు వంటసోడా వేసి నానబెట్టి, పొద్దున నీళ్లు మార్చి, వేళ్ల మధ్య నలిపితే వెన్నలా అయ్యేదాకా కుక్కర్లో ఉడికించాలి. మామూలు కూరకి ఉడికించినట్టు కాదు, ఇంకో మూడు కూతలు ఎక్కువ రానీ. నువ్వుల్ని సన్నసెగ మీద తెల్లగానే వేయించి, ఆరాక కొంచెం నూనెతో మిక్సీలో కారేదాకా తిప్పాలి. సకినాల్లో వేసే పొట్టు నువ్వులు వాడితే చేదొస్తుంది, ఒకసారి నేనదే చేశాను. తర్వాత అన్నీ కలిపి రుబ్బేటప్పుడు నాలుగు ఐసుముక్కలు వెయ్యి, మిక్సీ వేడికి రంగు మాడకుండా తెల్లగా పొంగుతుంది.

నిల్వ చేసుకోవాలనే సరదా నీకుంటే దాన్ని శనగల మీద తీర్చుకో. ఒక ఆదివారం అరకిలో నానబెట్టి ఉడికిస్తే కిలోకి పైగా వస్తాయి. నాలుగైదు జిప్ కవర్లలో సర్ది, కొంచెం ఉడికిన నీళ్లతో సహా ఫ్రీజర్‌లో పెట్టు. రెండు నెలలు నిక్షేపంగా ఉంటాయి. కావలసినప్పుడు ఒక కవరు తీసి, వేడినీళ్లలో వేసి, మిక్సీలో తిప్పితే పావుగంటలో తాజా హమ్మస్. మొహం మొత్తితే అవే శనగలు ఛోలేకి, సలాడ్‌కి, గుగ్గిళ్లకి వాడుకోవచ్చు. పౌచ్‌లో ఉన్న హమ్మస్‌తో హమ్మస్ తప్ప ఇంకేం చేస్తావు?

అలాగని పౌచ్‌కి విలువ లేదనను. రైలు ప్రయాణానికి, ఫ్రిజ్ లేని పీజీలో ఉండే పిల్లలకి, ఆఫీసు నుంచి ఎనిమిదింటికి ఈడ్చుకుంటూ వచ్చిన రోజుకి అది నిజంగా ఆదుకుంటుంది. ఒక పూటకి సరిపడే చిన్న సాషేలు దొరికితే ఇంకా మేలు, డబ్బాలో మూత విప్పకుండా పెట్టి పంపొచ్చు, మిగిలేదేమీ ఉండదు. గ్రూపులో ఆయన్ని అదొకటి అడిగి చూడు. నేను ఆరు అన్నది ఈ అవసరాల కోసమే. లేదా మీ అంతస్తులో ముగ్గురు కలిసి ఒక కేసు పంచుకోండి, మనిషికి ఎనిమిది వస్తాయి, ధర 65కే పడుతుంది. డబ్బులు పంచుకోవడం కంటే తేదీలు పంచుకోవడం దగ్గరే గొడవలొస్తాయి కాబట్టి కేసులో అన్నిటికీ ఒకే తేదీ ఉందో లేదో విప్పగానే చూడండి.

ఆదివారం గ్రూపులో ఇలా పెట్టు: "రెండు పౌచ్‌లు చాలు. వెనకవైపు తేదీ, దిగుమతి స్టిక్కరు కనపడేలా ఫొటో పంపండి." ఫొటో రాకపోతే ఆ రెండూ వద్దు. శనివారం రాత్రి పావుకిలో శనగలు మాత్రం నానబెట్టి ఉంచు. పోపు పెట్టే పని అత్తమ్మకి అప్పజెప్పు.